ఎత్తు పెంచే ముందు బుష్షులు చూడండి: పాత పికప్‌ల సస్పెన్షన్ గురించి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లను బాగుచేయించుకుని రాళ్లదారుల్లో, బురదలో, వాగుల్లో నడపాలన్న ఆసక్తి పెరుగుతోంది. సంతోషమే. కానీ సస్పెన్షన్ మాట వచ్చేసరికి ‘ఎన్ని అంగుళాలు లేపారు?’ అన్నదే మొదటి ప్రశ్న అవుతోంది. పత్రికల వాహనాల పేజీల్లోనూ ఫొటో కింద కనిపించేది ఆ అంగుళాలే. చక్రం నేలను వదలకుండా చూడటమే సస్పెన్షన్ పని. ఎత్తు పెంచిన చాలా బండ్లు ఆ పనిని ముందుకంటే అధ్వానంగా చేస్తున్నాయి. ఈ పనే చేసుకునేవాళ్లం కనుక ఏది ఎందుకు చెడుతుందో కాస్త వివరంగా రాస్తున్నాం.

ఇరవై ముప్పయ్యేళ్ల బండి వెనక కుంగి కనిపించగానే కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు) అయిపోయాయనుకుని కొత్తవి కొనేస్తారు. ముందు కొలవాలి. చక్రం నడిమధ్య నుంచి మడ్గార్డు అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవొద్దు, టైర్లో గాలి తగ్గినా టైరు అరిగినా ఆ లెక్క మారిపోతుంది. ట్యాంకులో ఇంధనం ఎంత ఉందో, వెనక తొట్టిలో ఏముందో కూడా పక్కనే రాయాలి. కుడికీ ఎడమకీ 10 మి.మీ. లోపు తేడా పాత బండిలో మామూలే. 20 దాటితే మాత్రం ఒక కట్ట ఎక్కువ కుంగిందనో, పట్టీ విరిగిందనో, ఛాసిస్ వంగిందనో అనుమానించాలి. కొత్త కట్టలు వేశాక ఎంత లేచిందో, నెల తర్వాత ఎంత దిగిందో తెలిసేది కూడా ఈ కొలతలతోనే.

తర్వాత కిందికి దూరి ఛాసిస్ చూడాలి. కమాను కట్టను పట్టుకునే హ్యాంగర్ల చుట్టూ, ముఖ్యంగా కట్ట వెనక చివరను ఛాసిస్‌కు వేలాడదీసే షాకిల్ తగిలే చోట, మట్టి పేరుకుని లోపల్నుంచి తుప్పు తింటుంది. పైకి రంగు బాగానే ఉంటుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట మొద్దుబారిన చప్పుడు వస్తుంది. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట ఛాసిస్ మీద సన్నటి నెర్రెలు కూడా వెతకండి. అక్కడ లోపముంటే సస్పెన్షన్ పని ఆపి ముందు అదే చేయించాలి. గట్టి కమాను కట్ట బలహీనమైన హ్యాంగరును ఇంకా త్వరగా విరగ్గొడుతుంది.

ఇక బుష్షులు, అంటే కట్ట చివర్లలో పిన్నుల చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు. పాత పికప్‌లో సగం జబ్బులు వీటివే, ఎక్కువమంది పట్టించుకోనివీ ఇవే. కట్ట ముందు చివర కన్నులో (పిన్ను దూరే గుండ్రటి చుట్టలో) ఒకటి, వెనక చివర షాకిల్‌లో పైనా కిందా ఉంటాయి. చిన్న గడ్డపలుగు దూర్చి ఎత్తి చూస్తే కన్ను పిన్ను చుట్టూ ఆడుతుందో లేదో తెలిసిపోతుంది. పాడైన రబ్బరు బుష్షును బయటికి తీస్తే ఒక పక్క పల్చగా నొక్కుకుపోయి, ఇంకో పక్క నెర్రెలిచ్చి, లోపలి ఇనుప గొట్టం నడిమధ్య నుంచి పక్కకు జరిగి ఉంటుంది. ఆ జరిగిన మూడు నాలుగు మిల్లీమీటర్లే యాక్సిల్ వంకరగా నిలవడానికి చాలు. యాక్సిలరేటరు తొక్కితే బండి ఒక వైపుకు, వదిలితే ఇంకో వైపుకు లాగుతుంది. ఇది వెనక నుంచి వచ్చే తేడా అని తెలియక ముందు చక్రాలకు అలైన్‌మెంట్ మీద అలైన్‌మెంట్ చేయిస్తుంటారు.

కొత్త బుష్షులు వేసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటే, కానీ అది బుష్షుల ప్రాణం తీస్తుంది. బండి స్టాండ్ల మీద ఉండి, చక్రాలు కిందికి వేలాడుతుండగానే కన్ను బోల్టులనూ షాకిల్ బోల్టులనూ పూర్తిగా బిగించేస్తారు. రబ్బరు బుష్షులో లోపలి గొట్టం బోల్టుతోపాటు బిగిసిపోతుంది, కట్ట కదిలినప్పుడు మెలిక తిరిగేది రబ్బరే. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి కిందికి దిగి మామూలుగా నిలబడ్డప్పుడే రబ్బరు సగం మెలిక తిరిగి ఉంటుంది. గుంతలో పడితే మిగతా సగం తిరిగి చిరుగుతుంది. అందుకే నట్లు చేత్తో తిప్పి వదిలేసి, బండిని నేలకు దించి, ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు కదిపి, సొంత బరువు మీద నిలబడ్డాకే టార్క్ రెంచితో బిగించాలి. పాలీయురేథేన్ బుష్షులకు ఈ మెలిక బాధ లేదు, అవి గొట్టం మీద జారుతూ తిరుగుతాయి. కానీ సిలికాన్ గ్రీజు పెట్టకపోతే కిర్రుమంటాయి. పైగా రోడ్డు అదురును రబ్బరంత మింగవు. ఎక్కువ దూరాలు తిరిగే బండికి మంచి రబ్బరే మేలని మా అభిప్రాయం.

కమాను కట్ట ఎంపికలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. పట్టీ మందం పెరిగితే దాని గట్టితనం ఘనంలో పెరుగుతుంది. 7 మి.మీ. పట్టీ తీసి అంతే పొడవు, అంతే వెడల్పుతో 8 మి.మీ. పట్టీ వేస్తే గట్టితనం దాదాపు 50 శాతం ఎక్కువవుతుంది. 6 తీసి 8 వేస్తే రెండింతలు దాటిపోతుంది. కాబట్టి ‘ఒక మిల్లీమీటరే కదా’ అనడానికి లేదు. బలంగా ఉంటుందని ఐదారు వందల కిలోల అదనపు బరువుకు చేసిన కట్టలు వేయించుకుని, తొట్టి ఖాళీగా తిప్పేవాళ్లు చాలామంది. ఖాళీ బండిలో ఆ కట్టలు వంగవు. గతుకుల దారిలో వెనక చక్రాలు గాల్లోకి ఎగురుతాయి, మలుపులో గతుకు తగిలితే వెనక భాగం పక్కకు జారుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఒక చక్రం గాల్లో తిరుగుతూ ఉండిపోతుంది. మూలకు కొలత చూసుకున్నట్టే బండి బరువు కూడా తూచుకోవాలి. తూనిక వంతెన మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయిస్తే చాలు. ముందు తాడుతో లాగే విన్చి, ఇనుప బంపరు ఉన్నాయా, వెనక ఎప్పుడూ ఉండే సామాను ఎంత అన్నది చూసి కట్టను ఎంచుకోవాలి. బరువు అప్పుడప్పుడూ మాత్రమే ఎక్కేదైతే, పల్చటి పట్టీలు ఎక్కువగా ఉండి, కింద సహాయక పట్టీ బరువు పడ్డప్పుడే తగిలే కట్ట బాగా నడుస్తుంది.

కట్ట మార్చాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా అన్నది విప్పి చూస్తే తెలుస్తుంది. పాత కట్టలో పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తీయగానే పట్టీల మధ్య నుంచి తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. ప్రతి చిన్న పట్టీ కొన పైపట్టీ అడుగున ఒక గాడి తవ్వి ఉంటుంది. వేలితో తడిమితే గోరు ఆగేంత గాడి ఉంటే ఆ పైపట్టీ ఎప్పటికైనా అక్కడే విరుగుతుంది, దాన్ని మార్చాల్సిందే. గాడి లేకుండా తుప్పు మాత్రమే ఉంటే తీగ బ్రష్షుతో రుద్ది, పట్టీల కొనలను గుండ్రంగా సానబట్టి, కొనల కింద నైలాన్ పలకలు పెట్టి బిగిస్తే కట్ట మళ్లీ మెత్తగా కదులుతుంది. విప్పే ముందు కట్టను గట్టి క్లాంపుతో పట్టి ఉంచడం మరవొద్దు. వంపు తేడాల వల్ల పట్టీలు ఒకదాన్నొకటి తన్నుతూ ఉంటాయి, బోల్టు ఊడగానే విడిపడి చేతిని కొడతాయి.

తక్కువలో ఎత్తు పెంచే దారులు మూడున్నాయి. ఒకటి, కట్టలోకి అదనంగా ఒక పట్టీ ఎక్కించడం. పొడవు పట్టీ అయితే ఫర్వాలేదు. పొట్టిగా, బాగా వంపు తిరిగిన పట్టీ వేస్తే దాని కొనలు తగిలే చోటే భారమంతా పడి మెయిన్ పట్టీ విరుగుతుంది. రెండు, పొడవు షాకిల్. షాకిల్ 50 మి.మీ. పెరిగితే బండి లేచేది దాదాపు 25 మాత్రమే, ఎందుకంటే యాక్సిల్ కట్ట మధ్యలో ఉంటుంది. పైగా షాకిల్ కట్ట వెనక చివర ఉంటే ఆ చివర కిందికి దిగి, యాక్సిల్ కొద్దిగా తిరిగి, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల గుండు) ముక్కు పైకి లేస్తుంది. ముందు యాక్సిల్‌కు కూడా కమాను కట్టలే ఉన్న బండిలో పొడవు షాకిల్ స్టీరింగును నేరుగా నిలిపే కాస్టర్ కోణాన్ని మార్చేసి స్టీరింగును దారి తప్పిస్తుంది. మూడు, యాక్సిల్‌కూ కట్టకూ మధ్య దిమ్మె పెట్టడం. వెనక మాత్రమే, అదీ ఒక్కటే దిమ్మె. రెండు ఒకదాని మీద ఒకటి పేర్చడం, ముందు యాక్సిల్‌కు పెట్టడం ప్రమాదం. బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ తిరగబోయే శక్తి ఆ దిమ్మె ఎత్తును చేతికర్రలా వాడుకుని కట్టను ఎస్ ఆకారంలో మెలితిప్పుతుంది.

యాక్సిల్‌ను కట్టకు బిగించే యూ బోల్టులు పాతవి మళ్లీ వాడకూడదు. ఒకసారి సాగి బిగిసిన బోల్టు రెండోసారి అంత పట్టు ఇవ్వదు, మరలు కూడా దెబ్బతిని ఉంటాయి. పని ఒక్కో వైపే చేయాలి, రెండు వైపులా ఒకేసారి విప్పితే యాక్సిల్ దొర్లుతుంది. ముందు రోజు రాత్రే నట్లకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ముందు చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు, యాక్సిల్ కింద జాకీ ఉంచి, షాక్ అబ్జార్బరు కింది చివర విప్పి, యాక్సిల్‌ను మెల్లగా దించాలి. దించేటప్పుడు ఒక కన్ను బ్రేకు హోసు మీద ఉండాలి, అది బిగువెక్కితే ఆపేయాలి. కొత్త కట్ట ముందు సగం, వెనక సగం సమానంగా ఉండకపోవచ్చు. తిరగేసి బిగిస్తే ఆ వైపు చక్రం ముందుకో వెనక్కో జరిగిపోతుంది. సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది రంధ్రంలో పూర్తిగా కూర్చుందో లేదో వేలు పెట్టి చూశాకే యూ బోల్టులు వేయాలి. నాలుగు నట్లనూ ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో, తయారీదారు చెప్పిన టార్క్‌కు తేవాలి. ఒక నట్టును చివరిదాకా బిగించి తర్వాతిదానికి వెళ్తే పలక వాలిపోతుంది. యూ బోల్టు వదులైతే యాక్సిల్‌ను ఆపేది ఆ సన్నటి సెంటర్ బోల్టు ఒక్కటే. అది తెగిన రోజు బండి పక్కకు తిరిగి నడుస్తున్నట్టు వెనక నుంచి వచ్చేవాళ్లకు కనిపిస్తుంది.

షాక్ అబ్జార్బరు బండిని మోయదు. కట్ట ఊపును వేడిగా మార్చి ఆపడమే దాని పని. అందుకే గతుకుల దారిలో పావుగంట నడిపి ఆపి, నాలుగింటినీ చేతి వెనక భాగంతో జాగ్రత్తగా తాకి చూడండి. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది పనిచేయడం లేదు. ఎంపికలో బ్రాండు కంటే పొడవు ముఖ్యం. బండి నిలబడి ఉండగా పై పిన్ను నుంచి కింది పిన్నుకు 480 మి.మీ. ఉందనుకుందాం. యాక్సిల్ ఛాసిస్‌ను కొట్టకుండా ఆపే బంప్ రబ్బరుకూ యాక్సిల్‌కూ మధ్య సందు 90, రబ్బరు మందం 50. రబ్బరు సగానికి నలుగుతుందనుకుంటే యాక్సిల్ 115 మి.మీ. పైకి వస్తుంది. అప్పుడు పిన్నుల మధ్య మిగిలేది 365. షాక్ పూర్తిగా మూసుకున్నప్పటి పొడవు దానికంటే కనీసం 15, 20 మి.మీ. తక్కువ ఉండాలి. లేకపోతే బంప్ రబ్బరు కంటే ముందు షాకే అడుగు తగిలి, లోపలి వాల్వునో పై బ్రాకెట్టునో విరగ్గొట్టుకుంటుంది. ఎత్తు పెరిగిందని మరీ పొడవు షాకులు కొనేవాళ్లకు జరిగేది ఇదే. మరీ పొట్టివైతే చక్రం కిందికి వేలాడినప్పుడు యాక్సిల్ బరువంతా షాకే మోయాల్సి వస్తుంది. బంప్ రబ్బరు ఊడిపోయిన బండి అయితే ముందు అది వేయించి తర్వాత కొలవండి.

రెండు గొట్టాల షాకును బిగించే ముందు, అది బండిలో ఉండే తీరులోనే నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపలికి చేరిన గాలి అలా బయటపడుతుంది. పై నట్టు బిగిస్తుంటే కడ్డీ తిరుగుతుందని మెరిసే భాగాన్ని ప్లయర్‌తో పట్టుకోవద్దు. అక్కడ పడ్డ ఒక్క గీత సీలును కోసేస్తుంది, నెలలోపే నూనె కారుతుంది. పై రబ్బరు వాషరు అంచుకు సరిగ్గా ఉబ్బేదాకా బిగిస్తే చాలు.

ముందు వైపు టార్షన్ బార్ (మెలిక తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్న బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టయోటా హైలక్స్ ఫోర్ వీల్ డ్రైవ్‌నే తీసుకుంటే అమెరికా మార్కెట్లో 1985 దాకా ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే గట్టి (సాలిడ్) యాక్సిల్, కమాను కట్టలే. 1986 మోడల్ నుంచి టార్షన్ బార్ వచ్చింది. ఈ రకంలో బార్ చివరను పట్టి ఉంచే యాంకర్ బోల్టు తిప్పితే చాలు, ముందు భాగం లేచిపోతుంది. పైసా ఖర్చు లేదు కనుక అందరూ తిప్పేస్తారు. కానీ దాంతో బార్ గట్టిపడదు, చక్రానికి ఉన్న మొత్తం కదలిక కూడా పెరగదు. ఆ కదలిక 180 మి.మీ. అనుకుందాం, పైకి 90, కిందికి 90. బోల్టు తిప్పి 50 లేపితే పైకి 140, కిందికి 40 మిగులుతుంది. చక్రం గుంతలోకి దిగాల్సిన చోట దిగలేక పై ఆర్మ్ రబ్బరుకు తగిలి టక్కుమంటుంది. డ్రైవ్ షాఫ్టు జాయింట్లు ఎప్పుడూ ఎక్కువ వంపులో తిరిగి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, లోపలికి ఇసుక చేరుతుంది. 25 నుంచి 35 మి.మీ. దాటి తిప్పొద్దని మా మాట. ముందు బరువు నిజంగా పెరిగితే బార్ మార్చాలి. బార్ గట్టితనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే 25 మి.మీ. బదులు 27 వేస్తే 36 శాతం ఎక్కువ. కుడి ఎడమ బార్లు తారుమారు కాకూడదు. అవి ఒకే వైపు మెలిక కోసం తయారైనవి, చివర గుర్తు ఉంటుంది. విప్పే ముందు యాంకర్ బోల్టు మరలు ఎంత బయటికి ఉన్నాయో కొలిచి, బారుకూ ఆర్మ్‌కూ కలిపి సుద్దగీత కాకుండా రంగు గీత పెట్టుకోండి. పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి, ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువు వాలు), టో (చక్రం ముందుకు చూసే దిశ) రెండూ మారతాయి.

ముందు స్ప్రింగు చుట్ట రకమైతే స్ప్రింగును నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా ముట్టుకోవద్దు. అంతకంటే చెప్పేది లేదు.

అన్నిటికంటే ఎక్కువగా మమ్మల్ని కలవరపెట్టేది బ్రేకు వాల్వు. చాలా పాత పికప్‌లలో వెనక ఛాసిస్‌కు ఒక వాల్వు ఉంటుంది, దాన్నుంచి ఒక సన్నటి కడ్డీ యాక్సిల్‌కు వెళ్తుంది. తొట్టిలో బరువు పడి బండి కుంగితే ఆ కడ్డీ వాల్వును తెరిచి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది, ఖాళీ బండిలో తగ్గిస్తుంది. బండిని 50 మి.మీ. లేపగానే వాల్వు దాన్ని ఎప్పుడూ ఖాళీ బండిగానే లెక్కేస్తుంది. బరువుతో దిగుడు దిగేటప్పుడు కూడా వెనక బ్రేకులు తక్కువే పనిచేస్తాయి, భారమంతా ముందు వాటి మీద పడి అవి వేడెక్కుతాయి, ఆగే దూరం పెరుగుతుంది. కడ్డీ చివరను యాక్సిల్ మీద అంతే ఎత్తు బ్రాకెట్టుతో పైకి జరిపితే ఎత్తు తేడా సరిపోతుంది. కానీ కట్టలు కూడా గట్టివి వేసి ఉంటే అదే బరువుకు బండి ముందంత కుంగదు, కనుక వాల్వు మళ్లీ తక్కువే చదువుతుంది. అందుకే బ్రాకెట్టు పెట్టి ఊరుకోకుండా, ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి ప్రెషర్ గేజీ పెట్టి బండి మాన్యువల్‌లోని లెక్కతో సరిచూడాలి. ఈ గొడవంతా ఎందుకని వాల్వును పూర్తిగా తెరిచి తీగతో కట్టేసే వాళ్లూ ఉన్నారు. అలా చేస్తే తడి రోడ్డు మీద ఖాళీ బండి వెనక చక్రాలు ముందే బిగుసుకుపోయి బండి గిరగిరా తిరుగుతుంది.

అదే వరుసలో బ్రేకు హోసులు, హ్యాండు బ్రేకు కేబులు, డిఫరెన్షియల్ గాలి గొట్టం కూడా చూడాలి. చక్రాలు పూర్తిగా వేలాడుతుండగా, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూసినప్పుడు హోసులో ఇంకా కొంత వదులు ఉండాలి. గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు విషయంలో, రెండు మామూలు క్రాసులు (వంగే జాయింట్లు) ఉన్న షాఫ్టుకు రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండాలి, ఒక డిగ్రీ అటూఇటూ. సమానం కాకపోతే షాఫ్టు ఒక్కో చుట్టుకు రెండేసి సార్లు అదురుతుంది. కొంత వేగం దాటాక నేల కింద వచ్చే ఆ వణుకును టైర్ల బ్యాలెన్సింగు పోగొట్టలేదు. దిమ్మెతో లేపితే రెండు కోణాలూ కలిసే పెరుగుతాయి కనుక డిఫరెన్షియల్ ముక్కు కోణం సరిచేసే వాలు పలక (వెడ్జ్) అక్కర్లేదు. పొడవు షాకిల్‌తో లేపితే కావాలి. వేస్తే ఉక్కుది వేయాలి, అల్యూమినియంది పగులుతుంది.

సస్పెన్షన్ ఎంత గట్టిది వేసినా బండి మోయగలిగిన బరువు పెరగదని కూడా మీ పాఠకులకు తెలియాలి. తయారీదారు ప్లేటు మీది అంకె బ్రేకులకు, యాక్సిల్‌కు, బేరింగులకు, ఛాసిస్‌కు కలిపి పెట్టినది. కట్ట ఒక్కటి మారితే ఆ అంకె మారదు. గట్టి కట్టలున్న బండి కుంగకుండా నిలబడి ఎక్కువ బరువు ఎక్కిందన్న సంగతిని దాచేస్తుంది కూడా. ఎత్తు పెంచేకొద్దీ గురుత్వ కేంద్రం పైకి వెళ్లి, పక్కవాలు మీద బోల్తా భయం పెరుగుతుంది. తమ చోట ఎంత మార్పుకు అనుమతి ఉందో ముందే కనుక్కుని, బీమా సంస్థకు తెలియజేయడం మంచిది. హెడ్‌లైట్ల వాలు సరిచేయించకపోతే ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో వెలుగు కొడుతుంది.

పని పూర్తయ్యాక 100 కి.మీ. నడిపి యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూడాలి, 500 దగ్గర ఇంకోసారి. మొదటిసారి దాదాపు ప్రతి నట్టూ కొంత తిరుగుతుంది, పట్టీల మధ్య రంగు, మురికి నలిగి సర్దుకోవడమే దానికి కారణం. కొత్త కట్టలు మొదటి నెలలో కొద్దిగా దిగడమూ మామూలే. కనుక అలైన్‌మెంటు, లైట్లు, బ్రేకు వాల్వు అప్పుడు మరోసారి సరిచూసుకోవాలి.

మీ వాహనాల పేజీలో పాత పికప్ ఫొటో వేసినప్పుడు అంగుళాల పక్కన బ్రేకు వాల్వు సరిచేశారా, యూ బోల్టులు కొత్తవా అన్న రెండు మాటలు కూడా అడిగి రాయమని మా విన్నపం. ఈ ఉత్తరం పొడవైందని కుదించాల్సి వస్తే లెక్కలు తీసేయండి, ఫర్వాలేదు. బ్రేకు వాల్వు పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
పాత బండ్ల సస్పెన్షన్ పనిచేసే మీ పాఠకులు